పల్లెకు బస్సు వచ్చిన వైనం



ఇవాళ విత్తనాల సంగతి గాని, ఎరువుల సంగతి గాని చెప్పబోవడం లేదు. ఆ విత్తనాన్ని, ఆ ఎరువును మన ఊరికి మోసుకొచ్చిన బండి ఒకటుంది. మన వంకాయల గంపను పట్నం చేర్చిందీ అదే. ఆ బండి మన పల్లె బస్సు. దాని మీద పనిచేసినవారు ఎటువంటివారు, ఏం కష్టాలు పడ్డారు అన్న సంగతి కాస్త చెప్పుకుందాం. అందులో మనకు ఈనాడు పనికివచ్చేదీ ఒకటుంది. చివరకు దాని దగ్గరికే వస్తాను.

బస్సు రాకముందు మన ప్రయాణం ఎలా ఉండేది? కృష్ణా డెల్టాలో 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలు వచ్చాయి. అవి పైరుకు నీళ్లిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ నెమ్మదిగా సాగేది. మెట్ట ఊళ్లవారికి ఆ సుఖమూ లేదు. రెండెడ్ల బండే దిక్కు. సంత పది మైళ్ల దూరాన ఉంటే రాత్రి అన్నం తిని బండి కట్టుకుని, తెల్లవారేసరికి చేరేవారు. ఆకుకూర అప్పటికే వడలిపోయేది. వాడిన సరుకుకు ధర ఎవడిస్తాడు? అందుకని పట్నానికి దూరంగా ఉన్న ఊళ్లలో కూరగాయలు ఇంటి మట్టుకు వేసుకోవడమే తప్ప అమ్మకానికి వేయడం తక్కువ.

1920, 1930 దశకాల్లో ప్రైవేటు మోటార్లు బయలుదేరాయి. ఫోర్డు, షెవర్లే వంటి విదేశీ బండ్ల చట్రాలు ఓడల మీద వచ్చేవి. ఆ చట్రం మీద మన వడ్రంగులే కొయ్యతో బాడీ కట్టేవారు. కిటికీలకు అద్దాలు ఉండవు, వానొస్తే గుడ్డ తెరలు దించుకోవడమే. ముందు హ్యాండిలు దూర్చి గట్టిగా తిప్పితే గాని ఇంజను అందుకునేది కాదు. అది ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. రబ్బరు బుడ్డ నొక్కి "పోం పోం" అనిపిస్తే ఊళ్లో పిల్లలందరూ రోడ్డు మీదే. ఇక టైమంటారా, బండి నిండడమే టైము. ఒకే దారిలో ఇద్దరు యజమానుల బండ్లు ఉంటే వాటి మధ్య పందెం. జనాన్ని చేయి పట్టుకుని ఎక్కించుకునేవారు. 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చి, పర్మిట్లు, రూట్లు ఒక పద్ధతిలో పడ్డాయి.

బండికి ముగ్గురు మనుషులు: డ్రైవరు, కండక్టరు, క్లీనరు. డ్రైవరంటే ఊళ్లో కరణంగారికి ఉన్నంత మర్యాద. కండక్టరు తోలు సంచీ భుజాన వేసుకుని, "జరగాలి, ముందుకు జరగాలి" అంటూ అందరి లెక్కా నోటనే ఉంచుకునేవాడు. "రేపు గంపలమ్మి ఇస్తాలే అబ్బాయ్" అని మామ్మ అంటే, "నీ మాటే టిక్కెట్టు, ఎక్కు మామ్మా" అనే కండక్టర్లు ఉండేవారు. యజమానికి మాత్రం ఆ డబ్బులు ఆ రాత్రికే తన జేబులోంచి కట్టాలి. ఉత్తరాల సంచీ, పత్రికల కట్ట, మందుల షాపు నుంచి సీసా, పెళ్లివారి శుభలేఖలు అన్నీ అతని చేతి మీదుగానే ఊళ్లు దాటేవి.

ఈ ముగ్గురిలో ఎక్కువ పడ్డవాడు క్లీనరు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడు. కాలువలో నీళ్లు ముంచి తెచ్చి రేడియేటరులో పోయాలి. గంపలు, బస్తాలు టాపు మీదికి ఎక్కించాలి, దించాలి. మిట్ట ఎక్కలేక బండి వెనక్కి జారితే దూకి చక్రం కింద కొయ్యదిమ్మ పెట్టాలి. జీతం పేరుకే, భోజనం దొరికిన చోట. ఏళ్ల తరబడి అలా ఉంటే ఎప్పుడో డ్రైవరుకు దయ కలిగి, ఖాళీ రోడ్డు మీద స్టీరింగు చేతికిచ్చేవాడు. తరువాతి కాలపు మంచి డ్రైవర్లు చాలామంది ఆ బడిలో చదివినవారే.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను పెట్టారు. బండ్లు ఆగిపోకుండా బొగ్గు బస్సులు వచ్చాయి. బస్సు వెనుక ఇనుప పొయ్యి ఒకటి బిగించేవారు. అందులో కట్టెబొగ్గు నింపి, నిప్పు రాజేసి, గాలి తక్కువగా ఆడనిస్తే మండే వాయువు పుడుతుంది. దాన్ని గొట్టాల గుండా వడగట్టి ఇంజనుకు పంపిస్తారు. తెల్లవారుజామున క్లీనరు లేచి విసనకర్ర చక్రం తిప్పుతూ ఉంటే చాలాసేపటికి గాని బండి కదలదు. ఆ వాయువు విషం కూడా, పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉంటే తల తిరుగుతుంది. పెట్రోలుకున్న జోరు బొగ్గుకు లేదు గనుక మిట్ట వస్తే అందరూ దిగి నెట్టవలసిందే. "టిక్కెట్టు కొన్నదీ మేమే, బండి తోసిందీ మేమే" అని నవ్వుకునేవారు పెద్దలు.

ఇక తెలంగాణం వైపు కథ వేరుగా నడిచింది. అక్కడ 1932 జూనులో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక శాఖగా ప్రభుత్వ బస్సులు ప్రారంభమయ్యాయి. మొదట 27 బస్సులు, 166 మంది సిబ్బంది. రైలు స్టేషను నుంచి లోపలి ఊళ్లకు జనాన్ని చేర్చడానికి అది మంచి సాధనమయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత, 1958 జనవరి 11న, రోడ్డు రవాణా సంస్థ పుట్టింది. అదే మన ఆర్టీసీ.

కోస్తా జిల్లాల్లో ప్రైవేటు రూట్లను ప్రభుత్వం తీసుకోవడం అంత తేలికగా జరగలేదు. ఇందుకోసం 1956లో మోటారు చట్టానికి కొత్త అధ్యాయం చేర్చారు. కృష్ణా జిల్లా రూట్ల విషయంలో గుల్లపల్లి నాగేశ్వరరావుగారు మొదలైన బస్సు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1958లో కోర్టు ఏమన్నదంటే: అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, తీర్పు చెప్పింది ముఖ్యమంత్రి; వినేది ఒకరు, తేల్చేది ఒకరు అయితే ఆ విచారణకు అర్థమే లేదు. ఆ ఉత్తర్వు చెల్లలేదు. తరువాత ముఖ్యమంత్రి స్వయంగా అభ్యంతరాలు విని నిర్ణయిస్తే 1959లో కోర్టు దాన్ని ఒప్పుకుంది. కర్నూలు జిల్లా రూట్ల కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల మీద 1964లో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు రాజీనామాయే చేశారు. పల్లె బస్సు అంత పెద్ద కుర్చీని కదిలించింది!

జాతీయం చేయడం వల్ల మంచి జరిగిందా, చెడు జరిగిందా? రెండూ ఉన్నాయి. పనివారికి నెల జీతం, సెలవు, ఖాకీ బట్టలు వచ్చాయి. బండి నిండినా నిండకపోయినా టైముకు కదలడం వచ్చింది. లాభం రాని ఊరికీ బస్సు వచ్చింది. కాని మామ్మ మాట టిక్కెట్టు కావడం పోయింది. చెకింగువారు వస్తే ప్రతి మనిషికీ టిక్కెట్టు, ప్రతి స్టేజీకీ లెక్క ఉండాలి. వెనుక అరువు పెట్టిన కండక్టరే ఇప్పుడు అరువు లేదన్నాడు. అతన్ని తప్పు పట్టలేము.

ఆ రోజుల్లో మాకు దగ్గరైనది రాత్రి మా ఊళ్లోనే ఆగే బస్సు. రాత్రి తొమ్మిదింటికి వచ్చి, రావిచెట్టు కింద ఆగి, తెల్లవారి అయిదింటికి మళ్లీ పట్నం పోయేది. డ్రైవరు, కండక్టరు బడి అరుగు మీదనో, బస్సు టాపు మీదనో పడుకునేవారు. పూటకొక ఇంటి నుంచి కూరో పచ్చడో వెళ్లేది.

1970 దశకంలో ఒక శ్రావణమాసపు రాత్రి. చేనుకు నీరు కట్టబోయిన మా పాలేరుకు పాము కరిచింది. ఆసుపత్రి 22 కిలోమీటర్లు. ఊళ్లో ఫోను లేదు, కారు లేదు. టాపు మీద పడుకున్న వాళ్లను లేపాము. టైము కాని టైములో బండి తీయడం తప్పని ఇద్దరికీ తెలుసు. డ్రైవరు మాట్లాడకుండా దిగి ఇంజను స్టార్టు చేశాడు. కండక్టరు సంచీ తీసి, ఎక్కిన ఆరుగురికీ టిక్కెట్లు కొట్టి, లెక్క కాగితం మీద బయలుదేరిన టైము వేసి, పక్కన "పాముకాటు" అని రాశాడు. ఇప్పుడు టిక్కెట్లేమిటయ్యా అని మా నాన్న విసుక్కుంటే, "టిక్కెట్టు లేకుండా బండి కదిలితే దొంగతనమండీ, టిక్కెట్టుతో కదిలితే తప్పు మాత్రమే" అన్నాడు. మనిషి బతికాడు. బండి అయిదింటికల్లా మళ్లీ రావిచెట్టు కింద ఉంది.

తరువాత ఇద్దరికీ సంజాయిషీ అడుగుతూ కాగితాలు వచ్చాయి. అప్పుడు మా ఊరు చేసిన మంచిపని ఒకటుంది. నలభై మంది సంతకాలు, వేలిముద్రలు వేసి, జరిగింది జరిగినట్లు రాసి, పెద్దలే స్వయంగా తీసుకువెళ్లి అధికారికి ఇచ్చారు. అధికారి వారిని కూర్చోబెట్టి, చెప్పిందంతా విని, ఆయనే తేల్చాడు. హెచ్చరికతో సరిపోయింది.

ఇక ఈనాటి మాట. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు కూరగాయల రైతుల కోసం ఆర్టీసీ బస్సులు ఏర్పాటు చేశారు. రాష్ట్ర విభజన తరువాత సంస్థ రెండయింది. ఆంధ్రలో ఆ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులయ్యారు. ఆడవారికి ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న వచ్చింది. కొన్ని బండ్లలో డ్రైవరే టిక్కెట్టు కూడా ఇస్తున్నాడు. మరోవైపు ఇంటింటికీ మోటారు సైకిలు, రోడ్డు మీద ఆటోలు వచ్చాయి. జనం లేరని ఒక ట్రిప్పు, రోడ్డు బాగాలేదని ఇంకొక ట్రిప్పు ఆగిపోతే, ఆటోకు డబ్బులివ్వలేని ముసలివారికీ, బడిపిల్లలకూ, గంప నెత్తిన పెట్టుకున్న అక్కకూ దారి మూసుకుపోతుంది.

కాబట్టి గ్రామాల్లో పనిచేసే విస్తరణ సోదరులకు, రైతులకు నా మనవి. మీ ఊరి బస్సు ఆగితే ఊరికే గొణుక్కోవద్దు. ఏ టైముకు ఎందరు పిల్లలు వెళతారు, ఏ రోజున ఎన్ని గంపలు పట్నం పోతాయి, ఒక వారం లెక్క రాయండి. బండి తిరగడానికి చోటు చూపండి, దారికడ్డం వచ్చే కొమ్మలు కొట్టించండి, గుంటలు పూడ్పించండి. ఆ లెక్క పట్టుకుని డిపో మేనేజరు దగ్గరికి మనుషులుగా వెళ్లండి. తేల్చేవారే వినేటట్లు చూసుకోండి. సుప్రీంకోర్టు చెప్పిందీ అదే, మా ఊరి పెద్దలు చేసిందీ అదే.

ఇంకొక్క మాట. మీ ఊళ్లో రిటైరైన డ్రైవరో, కండక్టరో ఉండే ఉంటారు. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి వారి చేత చెప్పించుకుని, ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. మన సరుకు ధర నిలబెట్టిన చేతుల్లో వారివీ ఉన్నాయి.