సిలికాన్ పోత అచ్చు

సిలికాన్ రబ్బరుతో వాషర్లు, గాస్కెట్లు వంటి చిన్న భాగాలను ఇంటివద్దనే పోతపోయుటకు పలుమార్లు పనికివచ్చే అచ్చును సిలికాన్ పోత అచ్చు అంటారు.

అచ్చుతో వస్తువులు చేయడం ప్రాచీన విద్య. పల్నాడు జిల్లా మాచర్ల మండలంలోని నాగార్జునకొండ లోయలో 1954-60 మధ్య జరిగిన తవ్వకాలలో ఇక్ష్వాకుల కాలపు (క్రీ.శ. 3-4 శతాబ్దాలు) కంసాలి పనిచోటు, అందులో మూస, గీటురాయి, నగల అచ్చులు బయటపడ్డాయి. ఆ లోయ నేడు నాగార్జునసాగర్ జలాశయంలో మునిగి ఉంది.

మైనపు పోతలో అచ్చును ప్రతిసారీ పగలగొట్టవలసిందే; రెండు ముక్కల అచ్చుకు ఆ నష్టం లేదు. నమూనాను సగం వరకు బంకమట్టిలో పొదిగి, చుట్టూ గోడ కట్టి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తారు. అది గట్టిపడ్డాక మట్టి తీసివేసి, అంచున గుంటలు తొలిచి, వాసెలిన్ పూసి రెండవ సగం పోస్తారు. గుంటలలో కూర్చునే బొడిపెల వలన రెండు సగాలూ ఎప్పుడూ ఒకే తీరున కలుస్తాయి. పోత రంధ్రంతో పాటు గాలి పోయే రంధ్రం కూడా ఉండాలి. ప్లాస్టర్‌ను బాగా ఎండబెట్టి వార్నిష్ పూయాలి, లేనిచో సిలికాన్ దాని సూక్ష్మరంధ్రాలలోకి దిగి ఊడిరాదు.

అచ్చును కూడా సిలికాన్‌తోనే చేయవచ్చును. అయితే సిలికాన్ సిలికాన్‌కే గట్టిగా అంటుకుంటుంది కావున వాసెలిన్ పొర తప్పనిసరి. ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే రకానికి గంధకం శత్రువు: గంధకం కలిసిన బొమ్మల మట్టి, లేటెక్స్ చేతితొడుగులు తగిలినచోట అది జిగురుగానే మిగిలిపోతుంది. అందువలన కొత్త అచ్చులో ముందుగా ఒక్క చుక్క వేసి పరీక్షిస్తారు.