గిన్యోల్ – లియోన్ నగరపు బొమ్మలాట

ఫ్రాంసు దేశమున బొమ్మలాట చిరకాలమునుండి జనులకు ప్రీతిపాత్రమగు వినోదము. పదునేడవ శతాబ్దమున ఇటలీ నటకుల వెంట వచ్చిన పుల్చినెల్లా యను హాస్యపాత్రము ఫ్రెంచివారి నోట పోలిషినెల్ ఆయెను. ఈ గూనివాని బొమ్మ పారిసు సంతలలో జనులను నవ్వించుచుండెను. అయినను ఆ దేశమున చేతిబొమ్మలాటకు పర్యాయపదమై నిలిచినది ఆ పరదేశి పేరు కాదు. లియోన్ నగరమున పుట్టిన గిన్యోల్ పేరు.

దీనిని కల్పించిన లోరాన్ మూర్గే 1769వ సంవత్సరమున ఆ నగరమునందే పట్టునేతగాండ్ర కుటుంబమున జన్మించెను. ఆతఁడు అక్షరజ్ఞానము లేనివాఁడు. ఫ్రెంచి విప్లవానంతరము పట్టుపరిశ్రమ క్షీణింపఁగా మగ్గము విడిచి, దంతములు పెఱుకు వృత్తి నవలంబించెను. పెఱుకుటకు రుసుము లేదు; పిదప అమ్ము మందులే జీవనాధారము. జనులను చేర్చుటకై పోలిషినెల్ బొమ్మ నాడింపసాగెను. క్రమముగా ఆటయే వృత్తియాయెను.

మొదట మద్యప్రియుఁడును చెప్పులు కుట్టువాఁడును అగు న్యాఫ్రోన్, పిదప 1808 ప్రాంతమున గిన్యోల్ వెలసిరి. ఈ బొమ్మలు మన తోలుబొమ్మలవలె తెరపై కనఁబడునవి కావు. చేతికి తొడిగి వ్రేళ్లతో ఆడించునవి. గిన్యోల్ పట్టునేతగాఁడు, వాని పలుకు నేతగాండ్ర వాడుక పలుకు. అద్దె చెల్లింపలేక ఇంటి యజమానిని ఏమార్చుట, రక్షకభటుని కఱ్ఱతో మోఁదుట వాని చేష్టలు. పగలెల్ల మగ్గమునొద్ద శ్రమించినవారు తమ కష్టమునే తమ పలుకులో విని నవ్వుకొనిరి. ఆ యాటకు కలిగిన ఆదరణకు ఇదియే ప్రధానకారణము.

ఆటకు వ్రాతప్రతి లేదు. నాఁటి నాఁటి వార్తలనుబట్టి సంభాషణము మాఱుచుండెను. 1831, 1834 సంవత్సరములలో నేతగాండ్ర తిరుగుబాట్లు జరిగిన నగరమున అట్టి స్వేచ్ఛ పాలకులకు రుచింపదు గదా! మూర్గే 1844లో మరణించెను. 1852లో, ప్రదర్శనకు ముందు పాఠమును వ్రాసి అధికారుల అనుమతి పొందవలెనను నిర్బంధ మేర్పడెను. 1865లో ఒనోఫ్రియో అను న్యాయాధిపతి ఈ నాటకములను సేకరించి, మోటుపలుకులను మృదువుపఱచి ప్రకటించెను.

ఆ గ్రంథము లేనిచో పెక్కు నాటకములు నశించియుండును. అయినను మూర్గే ఒక్క యక్షరమును వ్రాయలేదు. వ్రాయించినది శాసనము, కూర్చినది న్యాయాధిపతి. కావున ముద్రితపాఠమును చదువువారు దానినే మూలమని భావింపరాదు. నేతగాండ్రు విని నవ్విన మాటలలో కొన్ని అందు లేవు.