తుంగభద్రను హద్దు చేసిన దొర, హైదరాబాదు ఖైరున్నీసా

ఆలంపూర్ దగ్గర తుంగభద్ర ఉత్తరవాహిని. జోగులాంబ దర్శనానికి వచ్చినవాళ్లు ఈ మాట గొప్పగా చెప్పుకుంటారు. బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు ఇవతలి గట్టున ఉంటే, కర్నూలు అవతలి గట్టుది. యాస, తిండి, చుట్టరికాలు రెండు గట్లవీ దాదాపు ఒకటే. అయినా ఈ నీళ్లు ఎన్నోసార్లు సరిహద్దయ్యాయి. నిజాం రాజ్యానికీ ఇంగ్లిషువాళ్ల ఏలుబడికీ మధ్య నూటయాభై ఏళ్లు ఇదే హద్దు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కూడా ఆలంపూర్ హైదరాబాదు రాష్ట్రంలో, రాయచూరు జిల్లా కింద ఉంది. 1956లో ఆ గీత చెరిగి, 2014 జూన్ 2న మళ్లీ పడింది. 2021 మేలో కర్నూలు వైపు నుంచి కరోనా రోగులతో వచ్చిన అంబులెన్సులను పోలీసులు పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆపేశారు. ఆ రోజు టీవీలో ఆ దృశ్యం చూసినవాళ్లలో ఈ హద్దు వయసు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

నిజాంతో బేరమాడి ఈ నదిని హద్దుగా కాగితం మీదికి ఎక్కించినవాడు ఒక సైనికాధికారి, పేరు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసు సెయింట్ జార్జి కోటలో పుట్టి, పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ పటాలంలో చేరి, చివరికి హైదరాబాదు దర్బారులో ఇంగ్లిషు రెసిడెంటు అయ్యాడు. కోఠీ మేడ కట్టించినవాడిగా, నవాబుల ఇంటి ఆడపిల్లను ప్రేమించి మతం మార్చుకున్న దొరగా హైదరాబాదు ఈయన్ని గుర్తుంచుకుంది. విలియం డాల్రింపుల్ 2002లో పుస్తకం రాశాక ఈ ప్రేమకథ ప్రపంచమంతా తిరిగింది. కానీ ప్రేమకథ చెప్పేవాళ్లు నదిని వదిలేస్తారు, ఒడంబడికల చరిత్ర రాసేవాళ్లు పిల్లను వదిలేస్తారు. ఆ రెండూ జరిగింది మాత్రం ఒకే ఏడాదిలో, ఒకే మనిషి చేతి మీదుగా.

అప్పటి హైదరాబాదు సంగతి కొంచెం చెప్పుకోవాలి. నిజాం అలీ ఖాన్ ముసలివాడయ్యాడు. దివాను అరస్తు జా ఆరితేరిన రాజకీయవేత్త. ఊళ్లో ఫ్రెంచి సేనాని రేమండ్ తయారుచేసిన పెద్ద దళం ఉండేది. రేమండ్‌ను జనం మూసా రహీం అనీ, మూసా రాం అనీ పిలుచుకునేవాళ్లు. మూసారాంబాగ్ పేరు ఆయనదే, సమాధి ఇప్పటికీ మలక్‌పేట గుట్ట మీద ఉంది. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు. సెప్టెంబరు 1న కిర్క్‌పాట్రిక్ నిజాంతో ఒప్పందం కుదిర్చాడు. ఫ్రెంచి దళం రద్దు, బదులుగా కంపెనీ సిపాయిలు ఆరు వేలమంది, వాళ్ల ఖర్చుకు నిజాం ఖజానా నుంచి ఏటా 24,17,100 రూపాయలు. అక్టోబరు 22న ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టి రక్తపాతం లేకుండా ఆయుధాలు దింపించారు. ముప్పై నాలుగేళ్ల కిర్క్‌పాట్రిక్‌కు కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దగ్గర పేరొచ్చింది. ఇక మిగిలింది మైసూరు టిప్పు. నిజాం సేనలు దర్బారు ప్రముఖుడు మీర్ ఆలం వెంట శ్రీరంగపట్నానికి కదిలాయి.

ఆ యుద్ధ సన్నాహాల మధ్యే, 1798 డిసెంబరులో, ఊళ్లో ఒక పెద్దింటి పెళ్లి జరిగింది. పెళ్లికూతురి తాత బాఖర్ అలీ ఖాన్ కంపెనీ పటాలానికి నిజాం తరఫు బక్షీ, అంటే జీతభత్యాల లెక్కలు చూసే అధికారి. వాళ్లు ఇరాన్‌లోని షూస్టర్ నుంచి వచ్చిన సయ్యదులు. మీర్ ఆలం వాళ్లకు దగ్గరి చుట్టం. రెసిడెంటుకూ పిలుపు వెళ్లింది. పరదా వెనక నుంచి పెళ్లికూతురి చెల్లెలు ఖైరున్నీసా ఆయన్ని చూసింది. అప్పటికే ఆమెకు వేరే సంబంధం ఖాయమై ఉంది. వయసు పద్నాలుగేళ్లకు మించదు.

ఆ తర్వాత జరిగింది మనకు తెలిసేది ఎక్కువగా కిర్క్‌పాట్రిక్ తన అన్న విలియంకు రాసుకున్న ఉత్తరాల వల్ల. ఆ ఇంటి ఆడవాళ్లే తనను చేరదీశారనీ, పిల్ల తనంతట తానే వచ్చి మనసు విప్పిందనీ, మొదటి రాత్రి తెల్లవార్లూ మాట్లాడి కూడా తాను నిగ్రహించుకున్నాననీ, ఆ తర్వాత తన వల్ల కాలేదనీ రాశాడు. అప్పటికే ఈ సంగతి మీద ఆయనపై ఆరోపణలు మొదలయ్యాయని గుర్తుంచుకుని ఆ ఉత్తరం చదవాలి. అందులో అబద్ధమే ఉందని నేననను. తల్లి షరఫున్నీసా, అమ్మమ్మ దుర్దానా బేగం ఈ పెళ్లికి పట్టుబట్టినట్టు మరికొన్ని ఆధారాలూ ఉన్నాయి. ఆడవాళ్లకు వాళ్ల లెక్కలుంటాయి. ఇష్టంలేని సంబంధం తప్పుతుంది, ఊళ్లో అందరికన్నా బలవంతుడైన మనిషి అల్లుడవుతాడు. ఘోషాలో ఉన్న తల్లి అంత దూరం ఆలోచించగలదని ఒప్పుకోవడానికి మగ చరిత్రకారులు చాలాకాలం ఇష్టపడలేదు. అయితే ఖైరున్నీసా ఏమనుకుందో చెప్పేది కూడా ఎక్కువగా ఈ మగవాళ్ల ఉత్తరాలే.

1799 మే 4న శ్రీరంగపట్నం పడింది. టిప్పు రాజ్యంలో వాటా కింద నిజాంకు గుత్తి, గుర్రంకొండ వంటి సీమలొచ్చాయి. 1792 యుద్ధం తర్వాత కడప ప్రాంతం అప్పటికే వచ్చి ఉంది. ఈ లాభం నిలవలేదు. పటాలం ఖర్చు పెంచి, డబ్బుకు బదులు భూమే రాయించుకోవాలని వెల్లెస్లీ ఎత్తు వేశాడు. బేరం నడపాల్సినవాడు కిర్క్‌పాట్రిక్, బేరం ఆడాల్సినవాడు అరస్తు జా.

సరిగ్గా అదే వేళకు హైదరాబాదు అఖ్బారుల్లో పుకార్లు గుప్పుమన్నాయి. రెసిడెంటు పెద్దింటి పిల్లను చెరపట్టాడని మాట కలకత్తా దాకా పోయింది. వెల్లెస్లీ సంజాయిషీ అడిగాడు. రెసిడెంటు తప్పేమీ లేదని నిజాం దర్బారు నుంచి జవాబు వెళ్లింది. ఆ జవాబు వెనక ఉన్నది అరస్తు జా. కిర్క్‌పాట్రిక్ ఎదుట కూర్చుని సీమల బేరం ఆడుతున్న మనిషే కిర్క్‌పాట్రిక్ శీలానికి హామీ ఇచ్చాడు. ఎదుటివాడి గుట్టు చేతిలో ఉంటే ఎప్పటికైనా పనికొస్తుందని ముసలి దివానుకు తెలియకపోలేదు. ఏం లాభం, ఒప్పందం మాత్రం కంపెనీ కోరినట్టే ముగిసింది.

1800 అక్టోబరు 12న సంతకాలయ్యాయి. రెండు మైసూరు యుద్ధాల్లో నిజాంకు దక్కిన సీమలన్నీ కంపెనీకి పోయాయి. హద్దు తేటగా ఉండాలని కొన్ని మార్పిడులు కూడా చేసుకున్నారు. తుంగభద్రకు ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ లాంటివి నిజాం ఉంచుకున్నాడు, దక్షిణాన ఉన్న ఆదోని వదులుకున్నాడు. తుంగభద్ర, అది కృష్ణలో కలిసినచోటి నుంచి కృష్ణ హద్దులయ్యాయి. కర్నూలు నవాబు కట్టే పేష్కష్ కూడా ఇంగ్లిషువాళ్లకు మళ్లింది. 1839లో ఆ నవాబును దించేసి కర్నూలును నేరుగా కలిపేసుకున్నారు. ఆలంపూర్ ఇవతలి గట్టున ఉంది కాబట్టి నిజాంకు మిగిలింది. దత్త మండలాలని పేరుపడ్డ ఈ సీమలకు కలెక్టరుగా మన్రో వచ్చాడు, అక్కడి జనం ఆయన మీద కథలు కూడా అల్లుకున్నారు. నదికి ఇవతల మాత్రం జాగీర్లు, సంస్థానాలు, ఫార్సీ కాగితాలే నడిచాయి. గట్టుకో పాలన, గట్టుకో బడి భాష. పాలమూరుకూ సీమకూ మధ్య ఇవాళ కనిపించే చాలా తేడాలకు మొదలు ఈ కాగితమే.

ఆ సంతకాలనాటికి ఖైరున్నీసా గర్భవతి. 1801 మార్చి 4న కొడుకు పుట్టాడు. కిర్క్‌పాట్రిక్ ఇస్లాం తీసుకుని, షియా పద్ధతిలో గుట్టుగా నిఖా చేసుకున్నాడు. ఆ సంగతి పై అధికారులకు మాత్రం చెప్పలేదు. 1801 నవంబరులో మద్రాసులో ఇద్దరు సైనికాధికారుల చేత ప్రమాణం చేయించి వాంగ్మూలాలు తీసుకున్నారు, అసలు సంగతి బయటపడింది. అయినా ఉద్యోగం పోలేదు. అంత నెగ్గుకొచ్చిన రెసిడెంటును తీసేస్తే హైదరాబాదు చేజారుతుందేమోనన్న భయం ప్రేమను కాపాడిందని నా లెక్క. తర్వాత వెల్లెస్లీ దూకుడు నచ్చక కిర్క్‌పాట్రిక్ గొంతు మార్చాడు నిజమే. అప్పటికి సీమ చేతులు మారిపోయింది.

సాహెబ్ ఆలం అని పిలిచే కొడుకు, 1802 ఏప్రిల్‌లో పుట్టిన కూతురు సాహెబ్ బేగం మూసీ ఒడ్డున రెసిడెన్సీ జనానాలోని రంగ్ మహల్‌లో పెరిగారు. కొత్త మేడ కోసం నేల అడిగిన ముచ్చట ఒకటి ఒకప్పుడు రెసిడెంటు దగ్గర పనిచేసిన జాన్ మాల్కం రాసి పెట్టాడు. కొలతలు వేయించి పెద్ద కాగితం మీద గీయించిన పటాన్ని నిజాం ముందు పరిచారు. అంత పెద్ద పటం చూసి ముసలి నిజాం కుదరదు పొమ్మన్నాడు. కిర్క్‌పాట్రిక్ అదే నేలను అరచేతిలో పట్టేంత చీటీ మీద గీయించి మళ్లీ తెచ్చాడు. ఇంతేనా అనుకుని నిజాం ఇచ్చేశాడు. కథలో కొంత మసాలా ఉండొచ్చుగానీ, పటాలు చదవడం రానివాళ్ల దగ్గర నేల ఎలా పోతుందో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ 1803లో మేడ పని మొదలుపెట్టాడు. ఘోషాలోంచి బయటికి రాలేని ఖైరున్నీసా కోసం కిర్క్‌పాట్రిక్ మేడకు చిన్న నమూనా కట్టించి జనానా తోటలో పెట్టించాడని అంటారు.

1805లో పిల్లలకు నాలుగేళ్లొకరికి, మూడేళ్లొకరికి. ఇంగ్లండులో చదివించాలని తండ్రి నిర్ణయం. మద్రాసులో జార్జి చిన్నరీ చేత వాళ్ల బొమ్మ గీయించి ఓడ ఎక్కించారు. వీడ్కోలునాడు తల్లి కూర్చున్న చోటూ, ఏడ్చి జుట్టు పీక్కున్న తీరూ తన కళ్లకు కడుతున్నాయని కూతురు దాదాపు నలభై ఏళ్ల తర్వాత రాసింది. కిర్క్‌పాట్రిక్ కలకత్తా వెళ్లి 1805 అక్టోబరు 15న అక్కడే చనిపోయాడు. పిల్లలు లండన్‌లో బాప్తిస్మం పొంది విలియం జార్జి, కేథరిన్ అరోరా అయ్యారు. తల్లికి ఉత్తరం ముక్క రాలేదు.

అప్పటికి ఖైరున్నీసాకు పంతొమ్మిదేళ్లు. భర్త సమాధి చూసుకోవాలని కలకత్తా వెళ్లింది. అక్కడ భర్త దగ్గర పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకు దగ్గరయ్యాడు. అప్పటికి దివాను అయిన మీర్ ఆలం ఆమెను హైదరాబాదు గడప తొక్కనివ్వలేదు. ఆమెతో ఉంటానన్న రస్సెల్ ఆమెను బందరులో దిగబెట్టి, మద్రాసు వెళ్లి 1808లో మరొకరిని పెళ్లాడాడు. తల్లితో కలిసి తెలుగు సముద్రపు ఒడ్డున ఆమె ఎదురుచూస్తూ గడిపిన ఆ రోజుల గురించి ప్రేమకథ చెప్పేవాళ్లు రెండు వాక్యాలతో సరిపెడతారు. మీర్ ఆలం చనిపోయాకే ఇంటికి రానిచ్చారు. 1813 సెప్టెంబరు 22న, ఇరవై ఏడో ఏట, ఖైరున్నీసా కన్నుమూసింది. అప్పటికి హైదరాబాదు రెసిడెంటు హెన్రీ రస్సెలే.

కిట్టీ అని పిలిచే కూతురు కేథరిన్‌ను యువకుడైన థామస్ కార్లైల్ చూసి మనసు పడ్డాడు. ఆయన నవల సార్టర్ రిసార్టస్‌లోని బ్లూమిన్ పాత్రకు ఆమే మూలమని చాలామంది పండితులు అంటారు. 1840 ప్రాంతంలో ఆమె రస్సెల్ ఇంటికి వెళ్తే, గోడ మీద తనూ అన్నా ఉన్న చిన్నరీ బొమ్మ కనిపించింది. ఆ దారి పట్టుకుని అమ్మమ్మ షరఫున్నీసాకు ఉత్తరాలు రాసింది. అమ్మమ్మ బతికే ఉంది, జాగీర్లు పోయి ఇబ్బందుల్లో ఉంది. ఫార్సీ నుంచి ఇంగ్లిషుకూ, ఇంగ్లిషు నుంచి ఫార్సీకీ మార్పిస్తూ ఇద్దరూ కొన్నేళ్లు రాసుకున్నారు. 1847లో అమ్మమ్మ, 1889లో మనవరాలు పోయారు. మళ్లీ కలుసుకోలేదు.

రంగ్ మహల్‌ను 1860లో ఇంగ్లిషువాళ్లే పడగొట్టించారు. మేడ మిగిలింది. కోఠీ ఉమెన్స్ కాలేజీగా ఎన్నో తరాల ఆడపిల్లలు అందులో చదివారు. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున విశ్వవిద్యాలయం. దర్బారు హాలునూ ఆ చిన్న నమూనానూ ఈమధ్యే బాగు చేశారు. చూడడానికి వచ్చినవాళ్లకు స్తంభాల ఎత్తు, మెట్ల లెక్క, దొర ప్రేమ చెబుతారు. అవి చెప్పనీయండి. వాటితో పాటు ఆ పిల్ల పెళ్లినాటి వయసునూ, 1805 తర్వాత ఆమె ఒంటరిగా బతికిన ఎనిమిదేళ్లనూ, ఆ పెళ్లి ఏడాదే చేతులు మారిన సీమలనూ కూడా అక్కడ చదివే అమ్మాయిలకు చెప్పాలి. వాళ్లలో పాలమూరు నుంచి వచ్చినవాళ్లు తక్కువేం కాదు.