ఎడమ రెక్క మొదట్లో అరిగిన రంగు

కరెంటు పోయిందని విసుక్కోకు అబ్బాయ్. ఫోను పక్కన పెట్టి ఇటు జరుగు. ఆ కొవ్వొత్తి ఇలా తోయి, నీకో తమాషా చూపిస్తాను.

ఇదిగో, ఈ ప్లాస్టిక్ పుల్ల చూశావా? విమానం కిట్టులో విడిభాగాలన్నీ దీన్ని అంటిపెట్టుకునే వస్తాయి. స్ప్రూ అంటారు. భాగాలు కోసుకున్నాక తెలియనివాళ్ళు దీన్ని చెత్తబుట్టలో వేస్తారు. దీన్ని వేడి చెయ్యాలి గానీ మంటలో పెట్టకూడదు. మంటకి రెండు వేళ్ళ ఎత్తున పట్టుకుని, అప్పడం కాల్చినట్టు తిప్పుతూ ఉండాలి. మెత్తబడి వంగబోతోందనగా పక్కకి తీసి, ఒక్క క్షణం ఆగి, రెండు చేతులా లాగాలి... చూశావా, ఎంత దారమైందో! నీ తలవెంట్రుక ఇంతే ఉంటుంది. గబుక్కున లాగితే తెగుతుంది, మరీ మెల్లగా లాగితే లావుగా ఉండిపోతుంది. తీగపాకం ఎప్పుడొచ్చిందో మీ బామ్మకి తెలిసినట్టు ఇది చేతికి తెలియాలి. విమానం వీపు మీద, తోక దాకా కట్టే రేడియో తీగ ఇదే.

నాకిది ఎక్కడ అబ్బిందంటావా? మొదటినుంచీ చెప్పాలి. వాన ఎలాగూ తగ్గేలా లేదు.

1968లో ఇక్కడే, ఆంధ్రా మెడికల్ కాలేజీలో డాక్టరు చదువు ముగించి ఇంగ్లండు బయల్దేరాను. అప్పట్లో మా తరహా కుర్రాళ్ళు చాలామంది ఆ దారే పట్టారు. దేశం దాటేవాడికి చేతికిచ్చే విదేశీ డబ్బు 3 పౌన్లు. పౌను అప్పుడు 18 రూపాయలు. అంటే 54 రూపాయలు జేబులో పెట్టుకుని సముద్రాలు దాటాం. నువ్వు నిన్న సినిమాలో పాప్‌కార్న్‌కి ఎంత పెట్టావో నేను అడగను.

నేను చేరింది హల్ అనే రేవు పట్టణం, ఇంగ్లండు తూర్పు తీరాన. బండి దిగగానే చేపల వాసన తగిలింది. మన ఫిషింగ్ హార్బరు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. అద్దె గదిలో గ్యాసు పొయ్యి ఉండేది, దానికో మీటరు. షిల్లింగు వేస్తే గది వెచ్చబడేది, అది అయిపోగానే టప్పున ఆరిపోయేది. వాళ్ళ డబ్బు లెక్క ఒక చిక్కు. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. మనం 1957లోనే అణాలూ బేడలూ వదిలి నయాపైసల్లోకి వచ్చేశామా, నేను మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ కూడికలు నేర్చుకోవాల్సి వచ్చింది. తీరా నేర్చుకున్నాక, 1971 ఫిబ్రవరి 15న వాళ్ళూ పాత లెక్క వదిలేశారు. కొట్లో ముసలమ్మలు అమ్మేవాణ్ణి నిలబెట్టి, అది పాత డబ్బుల్లో ఎంతో చెప్పమని అడిగేవాళ్ళు. మా నాయనమ్మ అనకాపల్లి సంతలో అచ్చం అలాగే అడిగేది. మనుషులు ఎక్కడైనా మనుషులే. సరే, విమానాల దగ్గరికి వద్దాం.

ఆదివారం నాడు పలకరించే దిక్కులేదు. వూల్‌వర్త్ అని ఒక పెద్ద దుకాణం, దువ్వెన దగ్గర్నుంచి దుప్పటి దాకా అన్నీ ఉండేవి. ఒక మూల కొక్కేలకి ప్లాస్టిక్ సంచులు వేలాడుతుండేవి, లోపల ముక్కలు ముక్కలుగా విమానాలు. ఎయిర్‌ఫిక్స్ కంపెనీవి. దువ్వెనలన్నాను కదా, ఆ కంపెనీ కూడా దువ్వెనల మీదే బతికింది. 1939లో నికొలస్ కోవ్ అనే హంగరీ ఆయన దాన్ని పెట్టింది గాలి నింపే రబ్బరు బొమ్మల కోసం. యుద్ధం తర్వాత అచ్చుల్లో ప్లాస్టిక్ పోసే మిషను తెచ్చి దువ్వెనలు చేశాడు. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు బొమ్మ చేశారు. 1952లో గోల్డెన్ హైండ్ అనే ఓడని విడిభాగాలుగా సంచిలో పెట్టి, 2 షిల్లింగులకి ఈ వూల్‌వర్త్‌లోనే అమ్మారు. ఆ మరుసటి ఏడు స్పిట్‌ఫైర్ విమానం వచ్చింది. పెట్టె కూడా ఉండేది కాదు. సంచి మూతికి మడిచిన కాగితం, దాని మీదే బొమ్మ, లోపలివైపు జతచేసే పద్ధతి. పిల్లాడి చేతి ఖర్చులో ఇమిడేలా పెట్టారు ధర. ఆ ఒక్క లెక్కతో ఒక తరం తరమంతా విమానాలు చేసింది.

సంచుల్లోవి 1/72 కొలతవి. అంటే ఆరడుగుల మనిషి అంగుళం అవుతాడు. ఆ అంగుళం మనిషిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టాలి. జిగురు చాలా చెడ్డది నాయనా. అది మన బంకలా మధ్యలో ఉండి అతికించదు, ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కల్నీ ఏకం చేస్తుంది. జిగురంటిన వేలు అద్దం లాంటి కాక్‌పిట్ మూతకి తగిలిందో, నీ వేలిముద్ర కలకాలం అక్కడే. అందుకే పారదర్శకమైన మూతకి తెల్ల జిగురు వాడాలి. మనకి ఫెవికాల్ చాలు. తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉన్నా ఆరితే కనపడదు.

రంగులు హంబ్రాల్ వాళ్ళవి, బొటనవేలంత డబ్బాలు. అప్పట్లో ఆ కంపెనీది హల్ ఊరే! రంగు అడుగున పేరుకుంటుంది కాబట్టి పుల్లతో అయిదు నిమిషాలు కలపాలి, తొందరపడితే ఆరాక మెరుపు మచ్చలు తేలతాయి. కత్తంటావా, నా వృత్తి కత్తే. షెఫీల్డులో చేసే స్వాన్ మార్టన్ బ్లేడు, 11వ నంబరు, 3వ నంబరు పిడికి. శస్త్రచికిత్సకీ అదే, దీనికీ అదే. బొమ్మలు చేసేవాళ్ళు ఇప్పటికీ దాన్నే ఎంచుకుంటారంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఆవలించకు, అసలు సంగతి ఇప్పుడే మొదలవుతోంది.

1970లో ఎయిర్‌ఫిక్స్ వాళ్ళు 1/24 కొలతలో స్పిట్‌ఫైర్ తెచ్చారు. రెక్క ఈ చివర నుంచి ఆ చివరికి దాదాపు 47 సెంటీమీటర్లు, మీ బామ్మ పెద్ద పళ్ళెం కూడా చాలదు. లోపల మెర్లిన్ ఇంజను ఉంటుంది, మూత తీసి చూపించవచ్చు. కావాలంటే చిన్న మోటారు బిగించి ముందు పంకా తిప్పవచ్చు. ధర చూసి రెండు వారాలు కొట్టు అద్దం బయటే నిలబడ్డాను, మూడో వారం కొనేశాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు కొందరు మొదటి కిట్టే ఇంత పెద్దది తెస్తారు, సగంలో అటకెక్కిస్తారు. నాకప్పటికి చిన్నవి పదీ పదిహేను చేసిన చెయ్యి ఉంది. చలికాలమంతా చేశాను. షిల్లింగు అయిపోయి పొయ్యి ఆరిపోతే చేతికి మేజోళ్ళు తొడుక్కుని చేశాను.

నా వార్డులో తుంటి విరిగిన ఒక పెద్దమనిషి ఉండేవాడు. నెలల తరబడి కాలికి బరువు వేలాడదీసి పడుకోబెట్టేవాళ్ళం అప్పట్లో. 1940లో ఆయన రాయల్ ఎయిర్ ఫోర్సులో స్పిట్‌ఫైర్ల ఫిట్టరు. మాటల్లో తెలిసింది. నా విమానాన్ని పెద్ద అట్టపెట్టెలో దూది పరిచి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. ఆయన అటూ ఇటూ తిప్పాడు. అద్దాలు పెట్టుకుని మళ్ళీ తిప్పాడు.

“బాగుంది డాక్టరు గారూ. ఇది ఇంకా ఎగరలేదు,” అన్నాడు.

తర్వాత వేలితో ఎడమ రెక్క మొదలు తాకాడు, రెక్క ఒంటికి అతికే చోటు. “తలుపు ఇటువైపే ఉంటుంది. పైలట్ ఎక్కేదీ ఇక్కడే, దిగేదీ ఇక్కడే. వాడికి బెల్టులు బిగించడానికి మేం నిలబడేదీ ఇక్కడే. మా బూట్లకి ఇక్కడ రంగు ఎలా నిలుస్తుంది?” అన్నాడు. ఆ తర్వాత తుపాకుల సంగతి చెప్పాడు. ఒక్కో రెక్కలో 4 చొప్పున 8 బ్రౌనింగ్ మెషిన్‌గన్‌లు. తేమ లోపలికి పోయి పైన ఆకాశంలో గడ్డకట్టకుండా వాటి నోళ్ళకి ఎర్రగుడ్డ ముక్కలు అంటించేవాళ్ళట. విమానం తిరిగొస్తుంటే వీళ్ళు నేల మీంచే ఆ గుడ్డలకేసి చూసేవాళ్ళట. చిరిగి ఉంటే వాడు కాల్చాడన్నమాట.

ఆ రాత్రి నిద్రపోలేదు. కుంచెకి వెండి రంగు అంటించి, గుడ్డ మీద తుడిచేసి, ఇక రంగే లేదనుకున్నాక ఎడమ రెక్క మొదట్లో తాటించాను. తుపాకుల నోళ్ళ మీద ఎర్రగుడ్డలు దిద్ది, పెన్సిలు ముల్లు గీకి ఆ పొడితో వాటి వెనక మసి పులిమాను. వారం తర్వాత మళ్ళీ అట్టపెట్టె, మళ్ళీ బస్సు.

ఈసారి ఎక్కువసేపు చూశాడు. “రెండు తప్పులున్నాయి. ఇన్ని పెచ్చులు లేచాయంటే మా సార్జెంటు మా తోలు వలిచేవాడు. మేం పొద్దస్తమానం తుడిచేవాళ్ళం, సగం తీసెయ్. రెండోది, ఎర్రగుడ్డ చెక్కు చెదరలేదు. మరి వెనక మసి ఎక్కణ్ణించి వచ్చింది?”

చూశావా! నేను ఒక పటంలో గుడ్డ చూశాను, ఇంకో పటంలో మసి చూశాను, రెండూ ఒకే విమానం మీద పెట్టేశాను. అక్కడ తుపాకీ పేలిందా లేదా అని ఆలోచించలేదు. ఆ రోజు నుంచీ ఏ మరక వేసినా, అది వేసిన మనిషెవరు, ఎటునుంచి వచ్చాడు అని అడుగుతాను. చమురు పోసేవాడు ఎక్కడ ఒలకబోస్తాడు? గొట్టం పొగ గాలికి ఎటు సాగుతుంది? జవాబు దొరక్కపోతే మరక వెయ్యను.

1977లో ఇంటికి వచ్చేశాను. ట్రంకుపెట్టెలో మూడు కిట్లున్నాయి. ఒకటి జపానులో షిజువోకా ఊరి టామియా కంపెనీది, సెంచూరియన్ ట్యాంకు. 1971 యుద్ధంలో మన సైన్యం నడిపిన ట్యాంకుల్లో అదొకటి. టామియా వాళ్ళదీ ఒక కథే. మొదట కలప కోసే మిల్లు. చెక్క బొమ్మల్లోంచి ప్లాస్టిక్‌లోకి వచ్చి యమాటో యుద్ధనౌక చేస్తే డబ్బు రాలేదు. 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు చేస్తే నిలదొక్కుకున్నారు. ట్యాంకు బొమ్మలకి 1/35 అనే వింత కొలత ఎందుకొచ్చిందనుకున్నావు? లోపల మోటారూ బ్యాటరీలూ పట్టాలని పొట్ట ఆ సైజున చేశారు, తర్వాత లెక్కేస్తే 1/35 తేలింది. ఇవాళ ప్రపంచమంతా ఆ కొలతే వాడుతోంది. బ్యాటరీ పెట్టిన భిక్ష!

అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు కదా. ట్యాంకు చేసేవాడు కావాలని అడుసు తొక్కాలి. పెరట్లో మట్టి తెచ్చి చల్లేస్తే సరిపోదు. 1/35లో మిల్లీమీటరు ఇసుక రేణువు అసలు కొలతలో 35 మిల్లీమీటర్ల గులకరాయి. అందుకని మట్టిని ఎండబెట్టి, నూరి, ఆయుర్వేదం వాళ్ళు చూర్ణం పట్టినట్టు వస్త్రగాళితం చేశాను. పల్చటి బట్టలోంచి దిగిన ఆ పొడే దుమ్ములా కనిపించింది. సీటు బెల్టులకి అయిపోయిన పళ్ళపేస్టు ట్యూబు. అప్పటి ట్యూబులు పల్చటి లోహపు రేకువి, కోసి వంచితే వంచినట్టే ఉండేవి. ముక్కు కింద చక్రం ఉండే విమానమైతే ముక్కులో గాలానికి కట్టే సీసం గుండు పెట్టాలి, లేకపోతే తోక మీద కూలబడుతుంది. ఆ గుండ్లు జాలరిపేటలో దొరికేవి. మీ బామ్మ గుమ్మంలో నిలబడి, “ఇంత కష్టపడుతున్నారు, పూర్తయ్యాక కాశీ దాకా తీసుకెళ్తుందా?” అనేది. అంటూనే ఖాళీ ట్యూబులు దాచి ఉంచేది.

ఇప్పుడు అన్నీ డబ్బాల్లో దొరుకుతున్నాయి. మసికి ఒకటి, తుప్పుకి ఒకటి, బురదకి నాలుగు రకాలు. రేకులో చెక్కిన బెల్టులు, రంగు చల్లే ఎయిర్‌బ్రష్. మంచివే, నేనూ వాడతాను. కానీ కుర్రాళ్ళు కొన్నవన్నీ ఒకే ట్యాంకు మీద పోస్తున్నారు. చెరువులోంచి తీసినట్టుంటుంది. ఇంకొందరున్నారు, కిట్లు కొని, సీలు కూడా విప్పకుండా బీరువా నింపుతారు. కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ గుండులా ఉండాలి అన్న చందం. విప్పండయ్యా. ముక్క పాడైతే పాడవుతుంది.

అదిగో, కరెంటు వచ్చింది. లేవకు, ఇంకొక్క మాట.

ఆ అటక మీది పెద్ద పెట్టెలో ఉన్నది 1/72 టీయూ-142. బీచి రోడ్డులో కురుసురా జలాంతర్గామికి ఎదురుగా, 2017లో మ్యూజియంగా పెట్టారే, ఆ విమానమే. 1988 నుంచి 29 ఏళ్ళు మన నౌకాదళంలో సముద్రం మీద కాపలా కాసింది. అసలుది రెక్క 50 మీటర్లు, మనం చేసేది 70 సెంటీమీటర్లకి కొంచెం తక్కువ. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండు పంకాలు, పంకాకి 4 రెక్కలు. మొత్తం 32. అన్నింటి వంపూ ఒకే వైపు పెట్టావో, పనంతా పాడు. ముందుదాని వంపు ఒకవైపు, వెనకదానిది ఇంకోవైపు. ప్రదర్శనకి పెట్టిన విమానాలకి కొత్త రంగు వేస్తారు కాబట్టి మరకలకి పాత ఫోటోలు వెతుకుదాం. బరువుకి టైరు కింద ఎంత చదునైందో, రేకుల అతుకులు ఎటు పోయాయో మాత్రం అక్కడే చూడాలి.

నా చెయ్యి ఈ మధ్య కొంచెం వణుకుతోంది. 32 రెక్కలూ నువ్వు అతికించాలి, వంపు ఎటో నేను చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని వచ్చెయ్. ఫోను కూడా తెచ్చుకో, ఫోటోలు తియ్యాలి.