ఇంట్లోకి నీళ్లొచ్చాయా? మంటలంటుకున్నాయా? చీపురు పట్టే ముందు ఈ పనులు చేయండి

నీరు లాగేయగానే మనవాళ్లు చేసే మొదటి పని బురద ఎత్తిపోయడం, తడిసిన పరుపులు రోడ్డు మీద పారేయడం. అక్కడే రెండు నష్టాలు జరుగుతున్నాయి. ఒకటి, ఇంట్లో కరెంట్ ఉందో లేదో చూసుకోకుండా లోపలికి వెళ్లి షాక్ కొట్టించుకోవడం. రెండోది, నష్టానికి ఉన్న రుజువు మన చేత్తో మనమే కడిగేసుకోవడం. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వాసులు ఈ వరుస గుర్తుపెట్టుకోండి: ముందు ప్రాణం, తర్వాత కరెంట్, తర్వాత ఫొటో, ఆఖర్లో చీపురు.

మన ప్రాంతానికి ఎందుకింత ముఖ్యం?

1977 నవంబర్ 19 ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. దివిసీమ ఆ రోజును ఇప్పటికీ మర్చిపోలేదు. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. దిగువన లంక గ్రామాలు మునిగాయి. అదే సమయంలో బుడమేరు నీరు గుడివాడ దగ్గర నందివాడ మండలాన్ని ముంచింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అంటే సముద్రం, కృష్ణా, బుడమేరు... మనకు మూడు వైపుల నుంచీ నీళ్లే.

మొదటి గంట: లోపలికి వెళ్లే ముందు

- నీళ్లలో నిలబడి, తడి చేత్తో మెయిన్ స్విచ్ ముట్టుకోవద్దు. మీటర్ బోర్డు తడిస్తే 1912కు ఫోన్ చేయండి, లేదా మీ లైన్‌మన్‌ను పిలవండి. ఇన్వర్టర్ ఉంటే మెయిన్ ఆపినా ఇంట్లో కరెంట్ ఉంటుంది. దాన్ని విడిగా ఆపించాలి.
- గ్యాస్ వాసన వస్తే లైట్ వేయొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి. గ్యాస్ లీక్ ఎమర్జెన్సీ నంబర్ 1906.
- మట్టి గోడ నీళ్లున్నప్పుడు నిలబడి, ఆరేటప్పుడు కూలొచ్చు. గోడ ఒరిగినా, కొత్తగా పగుళ్లు కనిపించినా ఆ గదిలో పడుకోవద్దు. నల్లరేగడి నేల ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి కొన్ని వారాల పాటు పగుళ్లు గమనిస్తూ ఉండండి.
- పాములతో జాగ్రత్త. 2018 ఆగస్టులో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు ఎంత భయపెట్టాయో తెలిసిందే. బీరువా కింద, బియ్యం డ్రమ్ము వెనక, కట్టెల మోపులో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. కాటేస్తే కోయడం, పీల్చడం, నాటు మందు వద్దు. వెంటనే 108.

ఫోన్ తీయండి, వీడియో చేయండి

గుమ్మం నుంచి మొదలుపెట్టి ఒక్కో గది ఆగకుండా వీడియో తీయండి. గోడ మీద నీటి చార ఎక్కడి దాకా వచ్చిందో టేపు పెట్టి ఫొటో తీయండి. ఫ్రిజ్, టీవీ, మోటారు వెనక ఉండే మోడల్ నంబర్ స్టిక్కర్ కూడా కనిపించాలి. పారేయాల్సిన పరుపు, బియ్యం బస్తా అన్నీ ఒకచోట పెట్టి ఫొటో తీశాకే పారేయండి. ఆ ఫొటోలు ఊళ్లో లేని బంధువులకు వాట్సాప్ చేసి ఉంచండి, ఫోన్ పోయినా రుజువు మిగులుతుంది.

ఎన్యూమరేషన్‌కు సచివాలయ సిబ్బంది వచ్చినప్పుడు ఇంట్లో ఒకరు ఉండాలి. 2024 వరదల తర్వాత ప్రభుత్వం విజయవాడలో మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు రూ.25 వేలు ప్రకటించింది. అప్పుడు జాబితాలో పేరు లేదని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు చాలామంది. జాబితా సచివాలయంలో పెట్టగానే చూసుకుని, పేరు లేకపోతే వెంటనే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అద్దెకు ఉన్నవాళ్లు కూడా తమ సామాన్ల నష్టం చెప్పి రాయించుకోవాలి.

2022-26 విపత్తు సహాయ నిబంధనల్లో మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా దెబ్బతింటే రూ.1.20 లక్షలు, గుడిసె పోతే రూ.8 వేలు. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే రూ.6,500. అయితే కనీసం 15 శాతం దెబ్బతిని ఉండాలి. ఆ 15 శాతం చూపించేది మీ ఫొటోలే.

ఇన్సూరెన్స్ ఉందేమో చూసుకోండి

హోమ్ లోన్ ఉంటే ఇంటికి పాలసీ ఉండే అవకాశం ఎక్కువ. బ్యాంకులో అడగండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో అగ్నిప్రమాదం, తుపాను, వరద మూడూ కవర్ అవుతాయి. కంపెనీకి వెంటనే సమాచారమిచ్చి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. సర్వేయర్ చూసేదాకా పెద్ద రిపేర్లు మొదలుపెట్టొద్దు. కంపెనీ పట్టించుకోకపోతే ఐఆర్‌డీఏఐ నంబర్ 155255కు ఫిర్యాదు చేయొచ్చు. మునిగిన బైక్, కారు స్టార్ట్ చేసి చూడొద్దు. నీళ్లు ఇంజిన్‌లోకి లాగేస్తే ఆ నష్టం మామూలు పాలసీలో రాదు.

ఇప్పుడు కడగండి

వచ్చింది ఏటి నీరైతే ఒండ్రు గట్టిపడకముందే ఎత్తేయండి. ఉప్పెన నీరైతే మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. లేదంటే ఉప్పు మిగిలిపోయి తలుపు బందులు, గ్రిల్స్, స్లాబులో ఇనుము తుప్పు పడతాయి. తడి వస్తువులకు ఒకటి రెండు రోజుల్లోనే బూజు పట్టడం మొదలవుతుంది కాబట్టి కిటికీలన్నీ తెరిచిపెట్టండి. బ్లీచింగ్‌లో యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. వరద నీళ్లు తగిలిన తిండి పారేయండి. నీళ్లు మరగబెట్టే తాగండి. గోడ పూర్తిగా ఆరకుండా సున్నం, పెయింట్ వేస్తే డబ్బు వృథా.

తడిసిన పాస్‌బుక్, సర్టిఫికెట్ల మీద ఇస్త్రీ పెట్టొద్దు. నీడలో ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి.

మంటల్లో ఇల్లు కాలితే...

ముందు 101. మంట ఆరినట్టే కనిపించినా తాటాకు కప్పులో నిప్పు మళ్లీ రాజుకుంటుంది. ఫైర్ సిబ్బంది చెప్పేదాకా లోపలికి వెళ్లొద్దు. ఆ తర్వాత ఫైర్ రిపోర్ట్, పోలీస్ ఫిర్యాదు కాపీ, వీఆర్వో పంచనామా... ఈ మూడు కాగితాలు చేతికి రావాలి. కారణం గ్యాస్ సిలిండరైతే డిస్ట్రిబ్యూటర్‌కు వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. ఆయిల్ కంపెనీల బీమాలో మరణానికి మనిషికి రూ.6 లక్షల దాకా, కనెక్షన్ ఉన్న ఇంటి ఆస్తి నష్టానికి రూ.2 లక్షల దాకా వస్తుంది. ఇందుకోసం విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు.

సేవ్ చేసుకోండి: ఎమర్జెన్సీ 112, ఫైర్ 101, అంబులెన్స్ 108, కరెంట్ 1912, గ్యాస్ లీక్ 1906, జిల్లా కంట్రోల్ రూమ్ 1077. ఈ నంబర్లు గోడ మీద కూడా రాసి పెట్టండి. తుపాను రోజు ఫోన్‌లో చార్జింగ్ ఉండకపోవచ్చు.