దడి, మరుగు, హద్దు: దిగువ కృష్ణాడెల్టాలో ఇంటి సరిహద్దుల చరిత్ర

ఇంటి సరిహద్దుకు సంబంధించిన తెలుగు పదాలు రెండు అవసరాలను సూచిస్తాయి. ‘ఎల్ల’, ‘హద్దు’ అనేవి భూమి ఎక్కడ ముగుస్తుందో చెబుతాయి. ‘చాటు’, ‘మరుగు’ అనేవి చూపు ఎక్కడ ఆగాలో చెబుతాయి. ఈ రెంటినీ ఒక్కటిగా నెరవేర్చిన నిర్మాణం దడి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో తాటాకు, జమ్ము, కొబ్బరిమట్టలతో కట్టిన దడి పెరటిలోని నూతిని, స్నానాల చోటును పరుల చూపు నుండి కాపాడింది. దానిని పేదరికపు గుర్తుగా కాక, ఇరుగుపొరుగుల మధ్య రాయని ఒడంబడికగా పరిశీలించడం సమంజసం.

ఈ ఒడంబడికకు శాస్త్రనేపథ్యం ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణం పొరుగు శాలల మధ్య ఎడాన్ని నిర్దేశించి, వాటి చూరుల మధ్య నాలుగు వ్రేళ్ల దూరం ఉండాలని, లేదా అవి ఒకదానిపై ఒకటి రావచ్చునని చెప్పింది. సీమావివాదాలలో యాజ్ఞవల్క్యస్మృతి పొరుగువారిని, వృద్ధులను, గోపాలకులను, కర్షకులను సాక్షులుగా పేర్కొన్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన తెనిగించాడు. ఈ సంప్రదాయంలో హద్దుకు ఆధారం చెట్టు, పుట్ట, గట్టు వంటి గుర్తులు. వాటిని ఎరిగిన మనుషుల జ్ఞాపకం.

వలసపాలన నాటి న్యాయం మరుగును హద్దు నుండి వేరుచేసింది. 1882 నాటి సుఖభోగ హక్కుల చట్టం, స్థానికాచారం ఉన్నచోట పొరుగింటి మరుగుకు భంగం కలిగించే కొత్త కిటికీని అడ్డుకొనే హక్కును గుర్తించింది. 1888లో అలహాబాదు హైకోర్టు అటువంటి ఆచారాన్ని సమర్థించింది. మద్రాసు హైకోర్టు మాత్రం ఆ శతాబ్దిలోనే, మరుగు చెడినంత మాత్రాన దావా చెల్లదనే వైఖరిని అవలంబించింది. కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. కనుక ఇక్కడి గృహస్థుకు మరుగు కోర్టు ఇచ్చే హక్కు కాలేదు. తన జాగాలో తాను కట్టుకోవలసిన దడి అయింది.

హద్దు వెంట వేసిన పశువుల పాక స్వభావం వేరు. దాని చూరునీరు ఇరవై ఏళ్లు నిరాటంకంగా పొరుగు జాగాలో పడితే అది హక్కుగా స్థిరపడవచ్చు. పాకే పొరుగు జాగాలోకి చొచ్చుకొని పన్నెండేళ్లు బహిరంగంగా, యజమాని హక్కును కాదని నిలిస్తే, ఆ మేరకు యాజమాన్యమే మారవచ్చు. దడి అంతకాలం నిలవదు. శిథిలమైన ప్రతిసారీ దానిని తిరిగి కట్టాలి. కట్టే ప్రతిసారీ గుంజ ఎక్కడ పాతాలన్నది ఇరువురూ చూచుకోవాలి. జానెడు జరిగినా అప్పుడే అడిగే అవకాశం ఉంటుంది. ఆ అశాశ్వతత్వమే ఒడంబడికను నిలిపింది.

ఈ ప్రాంతపు ఉప్పెనలు ఆ వ్యవస్థకు కఠిన పరీక్ష పెట్టాయి. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమంది బలయ్యారు. ఇళ్లు, పాకలు, దడులు కొట్టుకుపోయాయి. గ్రామకంఠంలోని ఇళ్ల జాగాలకు పొలాలవలె విడివిడి సర్వే నంబర్లు లేవు. అటువంటి చోట గుర్తు పోయాక మిగిలే ఆధారం పొరుగువారి మాట. ఆ మాట చెప్పవలసిన వారే పోయినప్పుడు నష్టం ప్రాణాలతో ఆగదు. ఊరి ఎల్లల జ్ఞాపకమూ పోతుంది.

ఇటుక ప్రహరీ దడిని తొలగించి మరుగును పటిష్ఠం చేసింది. అయితే ఒకసారి తప్పుగా లేచిన గోడ తప్పును కూడా స్థిరం చేస్తుంది. 2020లో కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకం గ్రామాల ఇళ్ల జాగాలను డ్రోన్లతో కొలిచి పటం చేస్తున్నది. ఆకాశం నుండి కనిపించేది నేడు నిలిచివున్న కప్పు, గోడ మాత్రమే. నిన్న దడి ఎక్కడ ఉండేదో చెప్పగలిగేది ఊరి వృద్ధులే. వారి సాక్ష్యాన్ని, హద్దుల పదజాలంతో సహా, పటాలు ఖరారు కాకముందే సేకరించడం భాషాసాహిత్య పరిశోధనకూ చెందిన బాధ్యత.