బర్డ్ డాగ్స్: వేటకూ, ఇంటికీ ఒకే కుక్క కావాలా? ల్యాబ్రడార్ నుంచి విజ్లా వరకు.. ఏ జాతి ఎవరికి సెట్ అవుతుందంటే!

ఫొటోలో ముద్దుగా ఉంది కదా అని కుక్కపిల్లను ఇంటికి తెచ్చేసుకుంటారు చాలామంది. ఆర్నెల్లు తిరిగేసరికి సోఫా చిరిగిపోతుంది, చెప్పులు మాయమవుతాయి. వీధిలో పావురం కనిపిస్తే చాలు, చేతిలోని బెల్టు లాక్కుని పరుగో పరుగు. "ఇదేంటి ఇలా తయారైంది?" అని ఇంట్లోవాళ్లు తల పట్టుకుంటారు. నిజానికి అది పుట్టిందే ఆ పని కోసం. మన దగ్గర ఇళ్లలో కనిపించే ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, కాకర్ స్పానియల్ అన్నీ ఒకప్పుడు పక్షుల వేట కోసం తీర్చిదిద్దిన జాతులే. అమెరికా, యూరప్‌లలో ఇప్పటికీ వీటితో వేటకు వెళ్తారు. సీజన్‌లో పొలాల్లో పని, మిగతా రోజుల్లో పిల్లలతో ఆట. ఈ రెండింటికీ సరిపోయే జాతి ఏది? కొనే ముందు ఏం చూడాలి? ఆ వివరాలు ఇప్పుడు తెలుసుకుందాం.

బర్డ్ డాగ్స్ ఎన్ని రకాలు?

చేసే పనిని బట్టి వీటిని ప్రధానంగా మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

* పాయింటర్లు, సెట్టర్లు: గాలిలో వాసన పట్టి, పక్షి దాక్కున్న చోటు తెలియగానే కదలకుండా నిలబడిపోతాయి. వేటగాడు దగ్గరికి వచ్చేదాకా అలాగే ఉంటాయి. తుపాకులు వాడకంలోకి రాకముందు సెట్టర్లు నేలకు ఒదిగిపోతే, వేటగాళ్లు వల విసిరి పక్షులను పట్టేవారు. ఆ పేరు అలా వచ్చిందే.
* స్పానియల్స్: వేటగాడికి దగ్గర్లోనే తిరుగుతూ, పొదల్లో దూరి పక్షిని పైకి లేపుతాయి.
* రిట్రీవర్లు: కింద పడిన పక్షిని నలగకుండా నోట కరుచుకుని తెచ్చి చేతికి ఇస్తాయి. నీళ్లలోకి దూకాలన్నా వెనకాడవు.

జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, బ్రిటనీ, విజ్లా లాంటివి పక్షిని వెతికి చూపించడంతో పాటు తెచ్చి ఇవ్వడం కూడా చేస్తాయి. వీటిని ‘వర్సటైల్’ జాతులు అంటారు.

మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే

ఏ పక్షి? ఎక్కడ? చల్లటి నీళ్లలో బాతుల వేటకైతే రిట్రీవర్లదే పైచేయి. సౌత్ డకోటాలో ఫెజెంట్లు దాక్కునే దట్టమైన గడ్డిలో స్పానియల్, ల్యాబ్రడార్ బాగా పనిచేస్తాయి. టెక్సస్ లాంటి చోట్ల విశాలమైన మైదానాల్లో పూరేడు పిట్టలను వెతకాలంటే దూరం తిరిగే పాయింటర్ కావాలి. మిషిగన్, మిన్నెసోటా అడవుల్లో గ్రౌస్ పక్షి కోసమైతే సెట్టర్, బ్రిటనీలకు మంచి పేరుంది.

అయితే ఒక్క విషయం మర్చిపోవద్దు. వేట ఏడాదిలో కొన్నాళ్లే. మిగతా రోజులన్నీ కుక్క ఉండేది మీ ఇంట్లోనే! కాబట్టి వేటలో ఎంత గొప్పదన్న దానికన్నా, ఇంట్లో ఎలా ఉంటుందన్నదే ముందు చూసుకోవాలి.

ఏ జాతి ఎవరికి?

* ల్యాబ్రడార్ రిట్రీవర్ (25-36 కిలోలు): పేరు ల్యాబ్రడార్ అయినా, దీని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో జాలర్లకు సాయం చేసిన కుక్కలు. బ్రిటన్‌లో వేట జాతిగా రూపుదిద్దుకుంది. అమెరికన్ కెనల్ క్లబ్ లెక్కల్లో 1991 నుంచి 2021 వరకు వరుసగా 31 ఏళ్లు నంబర్ వన్ ఇదే. మొదటిసారి కుక్కను పెంచేవాళ్లకు, పిల్లలున్న ఇంటికి మంచి ఛాయిస్. సమస్యల్లా తిండి దగ్గరే. ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది!
* గోల్డెన్ రిట్రీవర్ (25-34 కిలోలు): 1868లో స్కాట్లాండ్‌లో లార్డ్ ట్వీడ్‌మౌత్ ఎస్టేట్‌లో ఈ జాతికి బీజం పడింది. స్వభావం మెత్తన. కానీ ఒత్తైన జుట్టు దువ్వడానికి టైమ్ పెట్టాలి. ఈ జాతిలో క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తుందన్నదీ తెలుసుకోవాలి.
* ఇంగ్లిష్ స్ప్రింగర్ స్పానియల్ (18-23 కిలోలు): మధ్యస్థ సైజు, హుషారు, మనుషులంటే ప్రాణం. చెవులు వేలాడుతుంటాయి కాబట్టి నీళ్లలో తడిసిన ప్రతిసారీ తుడిచి ఆరబెట్టాలి. లేదంటే ఇన్ఫెక్షన్లు వస్తాయి.
* బ్రిటనీ (14-18 కిలోలు): ఫ్రాన్స్ జాతి. చిన్న ఇల్లు, చిన్న కారు ఉన్నవాళ్లకు సైజు పరంగా వీలు. గట్టిగా అరిస్తే నొచ్చుకునే రకం. కోపిష్టి యజమానికి అస్సలు సూట్ కాదు.
* జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ (20-32 కిలోలు): నేల మీద, నీళ్లలో ఎక్కడైనా పనిచేసే ఆల్‌రౌండర్. రోజూ పొద్దున్నే పరుగుకు వెళ్లే వాళ్లకు ఓకే. వీధి చివరి దాకా నడిపించి తీసుకొస్తామంటే మాత్రం కుదరదు.
* విజ్లా (20-27 కిలోలు): హంగేరీకి చెందినది. ఇంట్లో ఎవరు ఎటు వెళ్తే అటు వెంటే తిరుగుతుంది. రోజంతా ఒంటరిగా వదిలేసి ఆఫీసుకు వెళ్లే కుటుంబాలకు వద్దు.
* ఇంగ్లిష్ సెట్టర్ (20-36 కిలోలు): పొలంలో చురుకు, ఇంట్లో నెమ్మది. పెద్దవాళ్లు, పిల్లలు కలిసున్న ఇంటికి బాగుంటుంది. జుట్టు పని మాత్రం ఉంటుంది. కొన్ని పిల్లల్లో పుట్టుకతోనే చెవుడు ఉంటుంది కాబట్టి వినికిడి పరీక్ష అడగాలి.

జాతి ఒక్కటే.. కానీ లైన్ వేరు!

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఒకే జాతిలో వేట పనికోసం పెంచిన వంశాలు, షోల కోసం పెంచిన వంశాలు వేర్వేరుగా ఉంటాయి. ఫీల్డ్ లైన్ ల్యాబ్రడార్ సన్నగా, యమా స్పీడ్‌గా ఉంటుంది. షో లైన్‌ది బరువైన ఒళ్లు, కాస్త నిదానం. వేటకు వెళ్లని కుటుంబం హై ఎనర్జీ ఫీల్డ్ లైన్ పిల్లను తెస్తే ఇద్దరికీ కష్టమే. అందుకే పిల్లను కాదు, ముందు దాని తల్లిదండ్రులను చూడాలి. అవి ఇంట్లో ఎలా ఉంటున్నాయి, కొత్తవాళ్లను చూసి ఏం చేస్తున్నాయో గమనించాలి.

కొనే ముందు ఈ కాగితాలు అడగండి

* పెద్ద జాతుల్లో తుంటి కీలు సరిగా అతకకపోవడం, అంటే హిప్ డిస్‌ప్లేసియా కనిపిస్తుంది. తల్లిదండ్రుల ఎక్స్‌రే సర్టిఫికెట్ అడగాలి. అమెరికాలో ఓఎఫ్ఏ సంస్థ కుక్కకు 24 నెలలు నిండాకే తుంటికి ఫైనల్ గ్రేడ్ ఇస్తుంది.
* మోచేతి కీలు, కళ్ల పరీక్షలు కూడా ముఖ్యమే. ల్యాబ్రడార్లలో పరుగెత్తాక కుప్పకూలిపోయే ‘ఈఐసీ’ అనే వంశపారంపర్య సమస్యకు డీఎన్ఏ టెస్ట్ ఉంది.
* కుక్కపిల్లను కనీసం 8 వారాలు తల్లి దగ్గరే ఉంచాలి. అంతకంటే ముందే ఇచ్చేస్తామనే వాళ్ల దగ్గర కొనొద్దు.

తిండి విషయంలోనూ జాగ్రత్త తప్పదు. 48 ల్యాబ్రడార్లపై ఏళ్ల తరబడి చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. తోటి కుక్కల కంటే 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. మిగిలిన అన్నం, బిస్కెట్లు దానికే పెట్టేయడం ప్రేమ అనుకుంటే పొరపాటే.

శబ్దం, పిల్లలు.. రెండిటి దగ్గరా జాగ్రత్త

దీపావళి టపాసులకు మంచం కింద దూరే కుక్కలను చూసే ఉంటారు. వేటకుక్కకూ అదే ప్రమాదం. చిన్న పిల్లను నేరుగా తుపాకీ పేలే చోటుకు తీసుకెళ్తే జీవితాంతం భయం పట్టుకోవచ్చు. దూరం నుంచి చిన్న శబ్దాలతో మొదలుపెట్టి, ఆటలో ఉన్నప్పుడు నెమ్మదిగా అలవాటు చేయాలి.

ఇక ఎంత మంచి జాతి అయినా పసిపిల్లలతో ఒంటరిగా వదలకూడదు. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోవద్దని పిల్లలకు నేర్పాలి. తుపాకీ ఉన్న ఇంట్లో అది ఎప్పుడూ తాళంలోనే ఉండాలి.

మనవాళ్లు ఇవి మర్చిపోవద్దు

అమెరికాలో వేటకు రాష్ట్ర లైసెన్స్ ఉండాలి. బాతుల వేటకైతే 16 ఏళ్లు దాటినవాళ్లకు ఫెడరల్ డక్ స్టాంప్ కూడా తప్పనిసరి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాలపై ఉన్నవాళ్లు సాధారణంగా తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం ఇందులో ఒక మినహాయింపు. వీసాకే ఎసరొచ్చే విషయం కాబట్టి లాయర్‌ను అడగకుండా అడుగు వేయొద్దు.

ఇండియాలో మాత్రం కథ వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కౌజు, పూరేడు లాంటి అడవి పక్షుల వేట నేరం. వల వేసి పట్టినా అది వేట కిందికే వస్తుంది. అందుకే హైదరాబాద్, విజయవాడల్లో ఈ జాతులను పెంచేవాళ్లు దాని సహజ గుణానికి వేరే దారి చూపించాలి. బంతి విసిరి తెప్పించడం, వస్తువు దాచి వాసనతో వెతికించడం, ఈత.. వీటితో దాని ఒళ్లూ, బుర్రా రెండూ అలసిపోతాయి. ల్యాబ్రడార్, గోల్డెన్‌లవి చలి ప్రాంతాల ఒళ్లు కాబట్టి మన ఎండాకాలంలో తెల్లవారుజామున, చీకటి పడ్డాకే బయటికి తీసుకెళ్లాలి. అరచేతిని రోడ్డు మీద కాసేపు ఉంచలేకపోతే, దాని పాదాలకూ అది కాలుతున్నట్టే.

ఫైనల్‌గా చెప్పాలంటే.. రోజుకు గంటకు పైగా టైమ్ ఇవ్వగలిగితేనే బర్డ్ డాగ్ గురించి ఆలోచించండి. దాని ఆయుష్షు పది, పన్నెండేళ్లకు పైనే. ఇవాళ స్కూల్‌కి వెళ్తున్న మీ పిల్లలు కాలేజీకి వెళ్లే దాకా అది మీ ఇంట్లోనే ఉంటుంది.

(గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. కుక్క ఆరోగ్యం విషయంలో వెటర్నరీ డాక్టర్‌ను, చట్టపరమైన సందేహాలకు సంబంధిత నిపుణులను సంప్రదించండి.)